కప్పు సూత్రం: టీకా తాత్పర్య సహితం

మూలం

తాగిన కప్పు డబ్బాలో వేయవలెను. కాగితపు కప్పు, ప్రకృతికి మేలు.

అవతారిక

ఈ సూత్రం గోదావరికి ఇవతలి ఒడ్డున, సారపాకలో, ఒక టీ బండికి పురికొసతో వేలాడుతోంది. సూత్రకారుడు బండి యజమానే. తక్కువ అక్షరాల్లో ఎక్కువ అర్థం ఇమడ్చడం సూత్ర లక్షణమని పెద్దలు చెప్పారు. ఆ లెక్కన ఇది ఉత్తమ సూత్రం. స్కెచ్ పెన్నులో సిరా అడుగంటడం వల్ల వచ్చిన సంక్షిప్తత అనే వాదం కూడా ఉంది గానీ, టీకాకారులకు అది పనికిరాదు. తాళపత్రం దొరకనందున బిస్కెట్ల అట్టపెట్టె మూత చింపి దానిమీద రాశారు. ఈ సంగతి తర్వాత అవసరపడుతుంది.

ప్రతిపదార్థం

తాగిన = ఇక్కడ కర్మ లోపించింది. కప్పును ఎవరూ తాగరు కనుక ‘టీ’ అని అధ్యాహారం చేసుకోవాలని ప్రాచీనులు అంటారు. నవ్యులు ఒప్పుకోరు. 2020లో ఖరగ్‌పూర్ ఐఐటీ పరిశోధకులు ఇలాంటి కప్పుల్లో వేడి నీళ్లు పోసి పదిహేను నిమిషాలు ఉంచారు. 100 మిల్లీలీటర్లలోకి దాదాపు 25,000 సూక్ష్మ ప్లాస్టిక్ రేణువులు దిగాయని తేల్చారు. కనుక అధ్యాహారంతో పనిలేదు. రాజకీయాలు మాట్లాడుతూ నెమ్మదిగా చప్పరించేవాడు టీతోపాటు కప్పునూ కొంత తాగుతున్నాడు. వాచ్యార్థమే చెల్లుతుంది.

కాగితపు = కాగితంతో చేసిన. కాగితం ఎక్కడిదని అడిగితే, రోడ్డు పక్కనే ఉన్న మిల్లుదే కావచ్చు. 1979లో ఉత్పత్తి మొదలుపెట్టి, 2002లో ఐటీసీలో కలిసిపోయిన భద్రాచలం పేపర్ బోర్డ్స్ అది. కప్పులకు, పెట్టెలకు పనికొచ్చే మందపు అట్ట అక్కడ తయారవుతుంది. భద్రాచలం అవతలి ఒడ్డున, మిల్లు ఇవతలి ఒడ్డున. ‘గంగలో గొల్లపల్లె’ అంటే గంగ ఒడ్డున ఉన్న పల్లె అని లక్షణావృత్తితో సర్దుకున్న ఆలంకారికులు సారపాక దాకా వచ్చి ఉంటే, ఒడ్డుతో ఆగక ఎదుటి ఒడ్డుకూ సూత్రం రాసేవారు.

అడవిని నరికి కప్పులు చేస్తున్నారనే పూర్వపక్షం ఇక్కడ నిలవదు. ఒకప్పుడు కాగితమంటే అడవి వెదురే. 1988 జాతీయ అటవీ విధానం మాత్రం, ముడిసరుకు కోసం అడవివైపు చూడకండి, రైతుల చేత పెంచించుకోండి అని మిల్లులకు చెప్పింది. అప్పటినుంచి ఖమ్మం చేలల్లో జామాయిల్, సుబాబుల్ లేచాయి. మంచి చెట్టు కొమ్మ ముక్కలకు వేర్లు పట్టించి పెంచిన ‘భద్రాచలం క్లోన్లు’ పొరుగు రాష్ట్రాలకూ పోయాయి. నరికితే మోడు మళ్లీ చిగురిస్తుంది, ఒకే నాటుకు రెండు మూడు కోతలు. రైతుకు నిక్కచ్చిగా డబ్బొచ్చే పంటే. కానీ ఒకే తల్లి పిల్లలు ఒకే ఎత్తున వరుసలో నిలబడితే దాన్ని అడవి అనడానికి నోరు రాదు. ఇప్ప చెట్టు కింద పువ్వయినా రాలుతుంది. జామాయిల్ ఆకును మేక వాసన చూసి వదిలేస్తుంది.

కప్పు = కప్పేది అని వ్యుత్పత్తి చెప్పి నవ్వించాలనే కోరికను టీకాకారుడు అణచుకుంటున్నాడు. అయితే లోపల ఒక కప్పు ఉన్న మాట నిజం. కాగితం నీళ్లకు ఆగదు. అందుకని లోపలి వైపు పాలిథీన్ పొర పరుస్తారు, కప్పు బరువులో ఇంచుమించు ఇరవయ్యో వంతు. 2022 జులై 1 నుంచి ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ కప్పులు దేశమంతా నిషిద్ధమయ్యాయి. ప్లాస్టిక్ ముందు గుమ్మం గుండా వెళ్లిపోయి, కాగితం చొక్కా వేసుకుని దొడ్డిదారిన లోపలికొచ్చింది.

వేయవలెను = విధ్యర్థకం. కర్త లేడు. కర్త లేని విధిని ఎవరూ పాటించరని బండి చుట్టూ నేల చూస్తే తెలుస్తుంది.

శంక

డబ్బాలో వేశాం. ఆ తర్వాత? ఇక్కడ సూత్రం ఆకాంక్షతో ఆగిపోయింది, క్రియ ఇంకొకటి కావాలి. ఇదే అట్టముక్కను వంతెన దాటించి భద్రాచలంలో తగిలిస్తే చిక్కు మరీ పెద్దది. 2014లో పోలవరం ముంపు పేరిట మండలాలు ఆంధ్రప్రదేశ్‌కు వెళ్లినప్పుడు పట్టణం తెలంగాణలో మిగిలింది. దాన్ని ఆనుకుని ఉన్న ఎటపాక, గుండాల, పురుషోత్తపట్నం, కన్నాయిగూడెం, పిచ్చుకలపాడు అటు పోయాయి. రాముడు ఈ రాష్ట్రంలో, పురుషోత్తపట్నంలోని ఆయన భూములు ఆ రాష్ట్రంలో. ఆ ఐదు ఊళ్లనూ తిరిగి ఇమ్మనేవారు చెప్పే కారణాల్లో ఒకటి, డంపింగ్ యార్డుకు జాగా లేదన్నది. నవమినాడు కల్యాణం చూసి, టీ తాగి, బుద్ధిగా డబ్బాలో కప్పు వేసిన భక్తుడు తన ధర్మం తీరిందనుకుంటాడు. కప్పుకు మాత్రం రాష్ట్ర సరిహద్దు సమస్య అప్పుడే మొదలవుతుంది.

తిరిగి మిల్లుకే పోవచ్చు కదా, కూతవేటు దూరమే కదా అంటారా? పోవాలంటే ఎవరైనా ఏరాలి. చిత్తు కాగితాలు ఏరేవాళ్లకు కిలో లెక్క. కిలో తూగాలంటే వందల కప్పులు, అవీ పాలతో, పంచదారతో, చీమలతో. ఏరినా, గుజ్జు చేసే తొట్టిలో ఆ పొర కాగితాన్ని అంత తేలిగ్గా వదలదు. దాన్ని విడదీసే ఏర్పాటున్న మిల్లే కావాలి, ఆ మిల్లుకు లారీల లెక్కన కప్పులు కావాలి.

ఆధార విచారం

మీమాంసకులు వాక్యాన్ని విధి అనీ, అర్థవాదం అనీ విడదీస్తారు. విధి చేయమంటుంది, అర్థవాదం పొగిడి ఉత్సాహపరుస్తుంది. మొదటి వాక్యం విధి, దానికి ఆక్షేపణ లేదు. ‘ప్రకృతికి మేలు’ అర్థవాదం. పొగడ్తలో అతిశయోక్తి దోషం కాదంటారు గానీ, ఇక్కడ దోషం అతిశయోక్తి కాదు, చిరునామా తప్పడం. ఆ స్తోత్రం దేనిమీద రాసి ఉందో చూడండి.

బిస్కెట్ల అట్టపెట్టె. రెండు పొరల మధ్య అలల్లా ముడతలు పెట్టిన కాగితం, జిగురు, అంతే. ప్లాస్టిక్ లేదు, మెరుపు లేదు. కిరాణా కొట్టువాళ్లు సాయంత్రం వాటిని మడిచి, తాడుతో కట్టి, పాత సామాన్లవాడు వచ్చేదాకా దాచిపెడతారు, డబ్బొస్తుంది గనుక. నీళ్లలో వేసి తిప్పితే గుజ్జు. గుజ్జు నుంచి మళ్లీ అట్ట. ప్రతి జన్మలోనూ నార కొంచెం పొట్టిదవుతుంది. ఐదారు జన్మలయ్యాక బలం చాలక కొత్త గుజ్జు కలపాలి, అంటే మళ్లీ జామాయిలే. అయినా ఈ గోధుమరంగు సరుకులో చాలా భాగం తుక్కు కాగితంతోనే నడుస్తుంది. మనకు సరిపోక విదేశాల తుక్కు కూడా కొంటున్నాం. దీని శత్రువులు రెండే: వాన, మిరపకాయ బజ్జీ. తడిసినా, నూనె పీల్చినా మోక్షం లేదు.

పాఠాంతరాలు

అడవి అంచు ఊళ్లలో అతి ప్రాచీన పాఠం ఒకటి వినిపిస్తుంది: అడ్డాకు. కోయ ఆడవాళ్లు కోసి, ఎండబెట్టి, పుల్లలతో కుట్టే విస్తరికి ఏ సూత్రమూ అక్కర్లేదు, విసిరిన చోటే మట్టి. ఇప్పుడు దానికీ అడుగున అట్ట, పైన ప్లాస్టిక్ పొర వేసి యంత్రంతో నొక్కుతున్నారు, కప్పు జబ్బు అంటుకుంది. పైగా విస్తట్లో టీ నిలవదు.

రెండో పాఠం గాజు గ్లాసు. ఇది ఎందుకు వదిలేశారని సూత్రకారుణ్ణే అడిగాను. ఆయన పాలు పొంగకుండా గరిటె తిప్పుతూ అన్నాడు: “కడిగేటోడు దొరకట్లేదు సారు. నీళ్లు నేను తెస్తా, గ్లాసులు నేను కొంట. కడుగుతానంటే రేపు పొద్దున ఐదింటికి రండి.”