పదహారు బోల్టుల డబ్బా

చౌటుప్పల్ దగ్గర ఒక బల్క్ డ్రగ్ ఫ్యాక్టరీ. సాల్వెంట్ రికవరీ షెడ్డు గోడకు బూడిద రంగు డబ్బా ఒకటి బిగించి ఉంది. ఒళ్లంతా అల్యూమినియం పోత, మూత చుట్టూ పదహారు బోల్టులు. పనివాళ్లు దాన్ని ఎఫ్‌ఎల్‌పీ, అంటే ఫ్లేమ్‌ప్రూఫ్, డబ్బా అంటారు. షెడ్డులో పంపులు ఆడించేది, ఆపేది అదే. ఈవేళ షట్‌డౌన్ కావడంతో తన కథ చెప్పుకునే తీరిక దొరికింది. కానీ ‘నేను’ అనడం దానికి అలవాటు లేదు. పుట్టిన నాటి నుంచి టెస్టు కాగితాల్లోనూ తనిఖీ రిజిస్టర్లలోనూ ‘ఈ పెట్టె’ అనే రాశారు. తన గురించి తానూ అలాగే చెబుతుంది.

ఈ పెట్టెలోకి గాలి చొరబడదని కొత్తవాళ్లు అనుకుంటారు. చొరబడుతుంది. షెడ్డులో టోల్యూన్, అసిటోన్ ఆవిరి లేస్తే అందులో కొంత లోపలికీ వస్తుంది. లోపల కాంటాక్టర్ పడి లేచినప్పుడల్లా నిప్పురవ్వ పుడుతుంది. రెండూ కలిసిన రోజున పెట్టెలో పేలుడు తప్పదు. ఆ పేలుడును కడుపులోనే అణచుకోవడం ఈ పెట్టె కొలువు.

అణచుకునే కిటుకు మూత అంచులో ఉంది. మూతకూ ఒంటికీ నడుమ నున్నగా చెక్కిన వెడల్పాటి పట్టీలు ఒకదానిమీద ఒకటి కూర్చుంటాయి. వాటి మధ్య సందు 0.2 మిల్లీమీటర్లకు మించదు. మంట ఆ ఇరుకు దారిలో వస్తూ వస్తూ తన వేడినంతా లోహానికి అప్పగించేస్తుంది. బయటికి వచ్చేసరికి పక్కనున్న ఆవిరిని అంటించే సత్తువ దానికి ఉండదు. 1815లో హంఫ్రీ డేవీ బొగ్గుగని దీపం చుట్టూ తీగల జాలి చుట్టింది కూడా మంటను లోహంతో చల్లార్చడానికే. సింగరేణి భూగర్భ గనుల్లో వాడే స్విచ్‌గేర్ ఈ పెట్టెకు పెద్దన్న వరస.

మార్కెట్‌కు రాకముందు ఈ నమూనా పెట్టెను లాబ్‌లో నిజంగానే పేల్చి చూస్తారు. లోపలా బయటా మండే వాయువు నింపి, లోపల నిప్పు పెడతారు. బయటి వాయువు అంటుకుంటే పెట్టె ఫెయిలైనట్టే. మన దేశంలో ధన్‌బాద్‌లోని సింఫర్ అలాంటి పరీక్షలు చేసే ప్రభుత్వ సంస్థ. పరీక్షకు ఐఎస్/ఐఈసీ 60079-1 ప్రమాణం. పాత ఎలక్ట్రీషియన్లు ఐఎస్ 2148 అంటే తొందరగా గుర్తుపడతారు. పెట్రోలియం నిల్వలుండే చోట్ల నాగ్‌పూర్ కేంద్రంగా పనిచేసే పెట్రోలియం, పేలుడు పదార్థాల భద్రతా సంస్థ పెసో ఆమోదం కూడా ఉండాలి.

ఈ పెట్టెకు మొదటి కొలువు జడ్చర్ల దగ్గర, పోలేపల్లి ప్రత్యేక ఆర్థిక మండలిలోని ఒక మందుల ఫ్యాక్టరీలో. ప్యాకింగ్ విప్పి హైడ్రోజనేషన్ బ్లాకు గోడ దగ్గర నిలబెట్టారు. బిగించబోయే ముందు ఒక ఎలక్ట్రీషియన్ వంగి నేమ్‌ప్లేటు చదివాడు. ‘టూ బీ’ అని ఉంది. అంటే ఇథిలీన్ తరగతి వాయువుల దాకా ఈ పెట్టె తట్టుకుంటుంది. హైడ్రోజన్‌ది ‘టూ సీ’ తరగతి. ఇథిలీన్ మంట దాటలేని అతి పెద్ద సందు ప్రయోగశాల లెక్కలో 0.65 మిల్లీమీటర్లయితే, హైడ్రోజన్‌కు అది 0.29. అంత సన్నని సందులోంచి దూరిపోయే మంటకు ఈ పెట్టె అడ్డం నిలవలేదు. “ఇది ఈడ పనికిరాదు సార్” అని ఆ మనిషి చెప్పాడు. కొన్నేళ్లు స్టోర్‌లో పడి ఉండి, చేతులు మారి, ఈ పెట్టె చౌటుప్పల్ చేరింది.

ప్లేటు మీద ఇంకో అంకె ఉంది: 55 డిగ్రీలు. వేరే ఏమీ రాయకపోతే చుట్టుపక్కల గాలి మైనస్ 20 నుంచి 40 డిగ్రీల లోపే ఉంటుందనే లెక్క మీద సర్టిఫికెట్ ఇస్తారు. నల్గొండ మే నెల ఎండకు 40 ఒక లెక్కా? 45 దాటిన రోజులు ఈ ప్రాంతానికి కొత్త కాదు. పెట్టె కొనేవాళ్లు ముందుగా ఆ అంకె వెతకాలి.

చౌటుప్పల్ వచ్చిన రెండో ఏడు ఈ పెట్టెకు గాయమైంది. అదనంగా ఒక పుష్‌బటన్ కావాలని ఎవరో రాత్రి షిఫ్టులో పక్క గోడకు డ్రిల్లు పెట్టి మామూలు బటన్ బిగించారు. పంపు తిరిగింది, పని జరిగింది. కానీ సర్టిఫికెట్ ఆ రంధ్రం లేని పెట్టెకు ఇచ్చింది. ఆ రాత్రి నుంచి ఈ పెట్టె ఉత్త డబ్బా. పదకొండు రోజుల తర్వాత, సంస్థాన్ నారాయణపురం నుంచి బండి మీద వచ్చే సీనియర్ ఎలక్ట్రీషియన్ చూసి వెంటనే లైన్ ఆపించాడు. తయారీదారు దగ్గరి నుంచి అదే మోడల్ ఒళ్లు తెప్పించి, పరికరాలన్నీ అందులోకి మార్చారు. వాడని కేబుల్ దారులకు సర్టిఫికెట్ ఉన్న ఇత్తడి ప్లగ్గులు, వాడేవాటికి ఫ్లేమ్‌ప్రూఫ్ గ్లాండ్లు పెట్టారు.

2024 ఆగస్టు 21న అచ్యుతాపురం ప్రత్యేక ఆర్థిక మండలిలోని ఒక మందుల ఫ్యాక్టరీలో పేలుడు జరిగి 17 మంది చనిపోయారు. ఎంటీబీఈ అనే సాల్వెంట్ లీకై విద్యుత్ ప్యానెల్, కేబుళ్ల మీద పడిందని అధికారులు ప్రాథమికంగా చెప్పారు. ఆ వార్త వచ్చిన రోజు ఈ షెడ్డులో ఎవరూ గట్టిగా మాట్లాడలేదు. సాల్వెంట్ ఆవిరి గాలి కంటే బరువు. టోల్యూన్ ఆవిరిది మూడు రెట్లకు పైగా. అది నేల వెంట పాకి కేబుల్ ట్రెంచిలోకి దిగుతుంది, కింది గదికి చేరుతుంది. ఆవిరి ఎప్పుడూ ఉండేది జోన్ 0, పని జరుగుతుంటే అప్పుడప్పుడు వచ్చేది జోన్ 1, పొరపాటు జరిగితేనే కాసేపు వచ్చేది జోన్ 2 అని కాగితం మీద గీసిన గీతలు అప్పుడు మళ్లీ బయటికి తీశారు. ట్రెంచిల్లో ఇసుక నింపారు. గోడల్లో కేబుల్ రంధ్రాలు మూసేశారు.

ఈవేళ వివరమైన తనిఖీ. గ్యాస్ డిటెక్టర్ సున్నా చూపించాక, సప్లై తీసి తాళం వేశాకే మూత తెరిచారు. అంచులు గుడ్డతో తుడిచి పల్చగా గ్రీజు రాశారు. రంగు మాత్రం అంటనివ్వలేదు. మూత మూసి ఫీలర్ గేజ్ పెడితే 0.2 రేకు ఎక్కడా దూరలేదు. మూత అంచుకు ఎదురుగా రెండు సెంటీమీటర్ల దూరంలో కొత్తగా వేసిన నీళ్ల పైపును పక్కకు జరిపించారు. ‘టూ బీ’ పెట్టెకు ఆ ఎడం కనీసం 30 మిల్లీమీటర్లు ఉండాలి.

హెల్పర్ పిల్లవాడు బోల్టులు బిగిస్తూ పదిహేను దగ్గర ఆగాడు.

“ఒక్కటి కనవడ్తలేదే అన్నా. పదిహేనుతోని నడవదా?”

“నడవది తమ్మీ. లోపల పేలితె మూత ఆడనే లేస్తది. ఎతుకు.”

“బయట్నుంచి ఒకటి తెద్దునా?”

“గా బలం బోల్టు బజార్ల దొరకది. గీడనే పడుంటది, ఎతుకు.”

షెడ్డు గేటు దగ్గర సూపర్‌వైజర్ నిలబడి ఇంకెంతసేపని అడిగాడు. “ఒక్క బోల్టు సార్” అన్నాడు సీనియర్. ఇద్దరూ ఫ్లేమ్‌ప్రూఫ్ టార్చి పట్టుకుని నేల మీద మోకాళ్లూని వెతికారు. పావుగంట తర్వాత ట్రెంచి అంచున, ఇసుకలో సగం కూరుకుపోయి దొరికింది. పిల్లవాడు గుడ్డతో తుడిచి, మరలు ఒకసారి వేలితో తడిమి, దాని చోట్లో పెట్టి బిగించాడు. సీనియర్ వేలుపెట్టి మూత చుట్టూ ఒక్కొక్కటే లెక్కపెట్టాడు. రిజిస్టర్‌లో ‘పెట్టె: 16/16’ అని రాసి సంతకం చేశాక తాళం తీశాడు.