బావా, పానా కింద పెట్టు

మా ఇంట్లో స్క్రూడ్రైవర్ ఎక్కడుంటుందో నాకు తెలియదు. తెలియకూడదనే మా ఆవిడ దాని చోటు మారుస్తూ ఉంటుంది. కూలర్ పంపు బాగుచేస్తానని కూర్చుని, మే నెల నల్లగొండ ఉక్కలో ఇంటిల్లిపాదినీ డాబా ఎక్కించిన చరిత్ర నాది. అలాంటివాడికి రేసుల పిచ్చి కూడా పట్టింది.

పట్టించింది హైదరాబాదే. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్‌సాగర్ ఒడ్డున 2.83 కిలోమీటర్ల వీధి ట్రాక్ మీద ఫార్ములా-ఈ కార్లు ఉరికాయి. ఫ్రాన్స్ డ్రైవర్ జాన్-ఎరిక్ వెర్న్ గెలిచాడు. అందరూ డ్రైవర్లను చూస్తుంటే నా కళ్లు మాత్రం మెకానిక్కుల మీద! మరుసటి ఏడు జరగాల్సిన పోటీ రద్దయింది గానీ, నా జబ్బు రద్దు కాలేదు.

మన కారును మనమే తోలుకునే ట్రాక్ డే కోసం శ్రీపెరుంబుదూర్ దగ్గరి ఇరుంగాట్టుకోట్టైకి బయల్దేరాను. 1990లో తెరిచిన ట్రాక్ అది, 3.7 కిలోమీటర్లు, 12 మలుపులు. నల్లగొండ నుంచి అద్దంకి రోడ్డు పట్టి, వాడపల్లి దగ్గర కృష్ణ దాటి, ఒంగోలు, నెల్లూరు మీదుగా 500 కిలోమీటర్ల పైమాటే. ట్రాక్ మీద తిప్పిన కారులోనే అంత దూరం తిరిగి రావాలి. అసలు భయపడాల్సింది దానికి. వెంట మా బామ్మర్ది. జడ్చర్లలో ట్రాక్టర్ స్పేర్ పార్టుల దుకాణం అతనిది. ఇంజన్ల సంగతి నాకంటే బాగా తెలుసు, కాబట్టి వాటి జోలికి పోడు.

మొదటి సెషన్ అమోఘం. ఎక్కడ బ్రేకు వేయాలో బోర్డులు చెబుతూనే ఉన్నాయి. నేను వాటిని దాటాక చదివాను. ఒక మలుపులో మట్టిలోకి దిగి, మళ్లీ రోడ్డెక్కి, ఎవరూ చూడలేదనుకుని లోపలికి వచ్చేసరికి ముందు ఎడమ చక్రం కీచుమని ఒకటే అరుపు.

విప్పాలా, వద్దా?

ట్రాక్ దగ్గర చూడటం వేరు, విప్పటం వేరు. టైర్లలో గాలి చూసుకోవచ్చు, వేడికి అది పెరుగుతుంది. చక్రాల నట్లు, బ్రేక్ ఆయిల్ మట్టం చూసుకోవచ్చు. ఆ ఆయిల్ గాల్లోని తేమను పీల్చుకుంటుంది. డాట్-3 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల దాకా మరగదు; తేమ పట్టాక 140కే మరగొచ్చు. మరిగితే లోపల బుడగలు లేచి పెడల్ నేలకు పోతుంది. అందుకే దాన్ని ఊరు కదలకముందే మార్పించుకోవాలి. చివరి రౌండు మెల్లగా తోలుకొచ్చి, హ్యాండ్ బ్రేక్ లాగకుండా కారును గేరులో వదిలి, డిస్కుల్ని చల్లారనివ్వాలి. ఇదంతా నేను చదివినవాణ్నే. చదివి కూడా జాకీ పెట్టాను.

"బావా, సల్లారనియ్యరాదు. షెడ్డు పిలగాన్ని పిలుద్దాం."

"గిది ప్యాడ్ల సప్పుడు. గీమాత్రం నాకు తెల్వదా?"

కాలిపర్ బోల్టుకు 14 నంబరు పానా కావాలి. నా దగ్గరున్నది 15. ఒక్క నంబరు తేడాకు వెనక్కి తగ్గే వంశం కాదు మాది. పై బోల్టు ఎలాగో సగం వదులైంది. కింది దాని తల మూలలన్నీ అరిగి గోలీలా గుండ్రమైంది. అదే ఊపులో నా మోచేయి డిస్కుకు తగిలింది. నేను తెలుగులో వేసిన కేక తమిళులందరికీ అర్థమైంది.

ఎదుటి షెడ్డు కుర్రాడు పరుగున వచ్చాడు. టార్చి వేసి చూసి, డిస్కుకీ వెనక రేకుకీ మధ్య సన్నటి స్క్రూడ్రైవర్ దూర్చి, శనగగింజంత రాయిని బయటికి నెట్టాడు. నేను మట్టిలోకి దిగినప్పుడు ఎక్కిన రాయి! తర్వాత నా బోల్టు వైపు చూశాడు. చాలాసేపు చూశాడు. దాన్ని ఊడదీసి, శ్రీపెరుంబుదూర్ నుంచి కొత్తది తెప్పించి బిగించేసరికి మిగిలిన సెషన్లు అయిపోయాయి. ఈలోగా మా బామ్మర్ది ఎవరి కారులోనో పక్క సీటెక్కి, ట్రాకంతా తిరిగొచ్చి, మలుపుల గురించి నాకే పాఠం చెప్పాడు.

రాత్రి ఫోనులో మా ఆవిడ లెక్క అడిగింది.

"రాయి తీసిన పిలగానికి ఎంతిచ్చినవ్?"

"వద్దన్నడు."

"బోల్టుకు?"

చెప్పాను.

"అంటే రిపేరు పుక్కట్లనే అయింది. నువ్వు చేసినదానికే పైసలు పడ్డయి."

కాదనలేదు. 15 నంబరు పానా ఇంకా సీటు కిందే ఉందనీ చెప్పలేదు.