పదహార్ల పాట

మెటాలికా మన దేశానికి వస్తోందని తెలిసేనాటికి నేను వడ్డాదిలో మా ఇంటి అరుగు మీద ఉద్యోగం కోసం ఎదురుచూస్తున్నాను. అది 2011 అక్టోబర్. 28న గుర్‌గావ్‌లో జరగాల్సిన షో ఆఖరి నిమిషంలో ఆగిపోయింది. ఒళ్లు మండిన కుర్రాళ్లు స్టేజీ ఎక్కి దొరికిందల్లా విరగ్గొట్టారు. 30న బెంగళూరు ప్యాలెస్ గ్రౌండ్స్‌లో షో ఉందని తెలిసి, నేనూ వెళ్తానని నాన్నని అడిగాను.

"ఏటి, పాటలా?"

"పాటలే. కాస్త గట్టిగా పాడతారు."

నమ్మకం కుదరడానికి ఫోన్లో ఒకటి వినిపించాను. చివరిదాకా విన్నాడు, పాపం. "ఈ మాత్రం అరుపులకి బెంగుళూరు దాకా ఎందుకురా? సంతకెల్లు. టిక్కెట్టు నేకుండా అరుత్తారు" అన్నాడు.

అలా మెటాలికా చేజారింది. నిజానికి నేను ప్రాణం పెట్టుకున్న బ్యాండు ఇంకోటుంది. విశాఖలో మా సీనియర్లు నలుగురు పెట్టింది. పేరు చెప్పను. నలుగురికీ ఇప్పుడు హోమ్ లోన్లూ, స్కూలుకెళ్లే పిల్లలూ ఉన్నారు. సొంతంగా కట్టిన తెలుగు పాటలు ఆరు, ఒక సీడీ. ఆ సీడీ అరిగిపోయిందంటే సగం పాపం నాదే. వాళ్లని ఎదురుగా చూసే యోగం మాత్రం పట్టలేదు. వాళ్లు బీచ్ రోడ్డులో వాయించినప్పుడల్లా నాకు సప్లిమెంటరీ ఉండేది.

ఆ మరుసటి పెళ్లిళ్ల సీజన్లో అదృష్టం నడుచుకుంటూ ఊళ్లోకే వచ్చింది. మా పెద్దనాన్న కొడుకు పెళ్లి. డ్రమ్ములు కొట్టే సీనియరు మా అన్నకి ఆఫీసులో పక్క సీటు. రిసెప్షన్‌కి బ్యాండు ఊరికే వస్తుందంటే, ఆర్కెస్ట్రా ఖర్చు తప్పిందని పెద్దనాన్న వెంటనే ఒప్పుకున్నాడు. కొండమీది వెంకన్నకి నేను కొబ్బరికాయ కొట్టొచ్చాను.

మండపం మాత్రం దొరకలేదు. మంచి ముహూర్తానికి ఊళ్లో ఉన్నవన్నీ అయిపోగా మిగిలింది ఒక బెల్లం గోదాం. పైన రేకులు, పక్కన రేకులు. సీజన్ అయిపోయి దిమ్మలు ఖాళీ చేశారు గానీ, బెల్లం వెళ్లినంత తేలిగ్గా జిగురు వెళ్తుందా? పదడుగులు వేస్తే ఒక చెప్పు వెనకే ఉండిపోయేది.

బ్యాండు సామానంతా ట్రాలీ ఆటోలో వచ్చింది. చోడవరంలో టీ తాగుతూ శ్రుతి చేసుకున్న గిటారు, గోతులన్నీ దాటి వడ్డాది చేరేసరికి వేరే రాగంలోకి దిగింది. మళ్లీ మెలితిప్పుకుని, ఏడున్నరకి నా ప్రాణప్రదమైన మొదటి పాట ఎత్తుకున్నారు.

రేకుల షెడ్డులో రాక్ సంగీతం గురించి ఒక లెక్క చెప్పుకోవాలి. శబ్దం సెకనుకి సుమారు 340 మీటర్లు పోతుంది. ముప్పై మీటర్ల గోదాంలో చివరి గోడకి తగిలి వెనక్కి రావడానికి సెకనులో ఆరో వంతు. అంటే డ్రమ్మరు కొట్టిన ప్రతి దెబ్బకీ వెనక నుంచి ఇంకో డ్రమ్మరు జవాబిస్తాడు. రూపాయి ఇవ్వకుండా ఇద్దరు డ్రమ్మర్లని వినిపించిన ఘనత మా పెద్దనాన్నది. 1965లో న్యూయార్క్ షే స్టేడియంలో బీటిల్స్‌కి యాభై అయిదు వేల మంది కేకల్లో తమ పాట తమకే వినపడలేదట. వాళ్లకి జనం ఎక్కువయ్యారు, మావాళ్లకి రేకులు ఎక్కువయ్యాయి.

రెండో పాటకి ముందు వరసలో నలుగురైదుగురు కుర్రాళ్లు లేచి ఎగరడం మొదలెట్టారు. తలలు విదిలిస్తున్నారు, కాళ్లు దులుపుతున్నారు. ఊళ్లో రాక్‌కి ఇంత ఆదరణా అని నాకు కళ్లు చెమర్చాయి. గాయకుడు కూడా పొంగిపోయి ఇంకాస్త గొంతు పెంచాడు. అంతలో నా పిక్క చురుక్కుమంది. గండు చీమలు. బెల్లం పోయినా అవి చిరునామా మార్చుకోలేదు.

మూడో పాటకి "రెండో బంతి లేచిందండోయ్" అని కేక వినపడింది. జనం గిన్నెల వైపు కదిలారు. మిగిలినవాళ్లని లెక్కపెట్టాను: నాతో కలిపి పదకొండుమంది, అందులో ఇద్దరు జనరేటర్ తాలూకు. 1961 డిసెంబర్‌లో ఇంగ్లండులోని ఆల్డర్‌షాట్‌లో బీటిల్స్ ఆటకి వచ్చింది పద్దెనిమిది మందేనని తర్వాతెప్పుడో చదివి కాస్త ఊరట పొందాను. అక్కడ పేపర్లో ప్రకటన పడలేదట. ఇక్కడ ప్రకటన పడింది, కాకపోతే గుత్తొంకాయ కూర గురించి.

అప్పుడు కరెంటు పోయింది. జనరేటర్ కుర్రాడు వచ్చి తేల్చి చెప్పేశాడు: "మైకు కావాలా, గిటార్లు కావాలా? రెండూ లాగదు." పెద్దనాన్న ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. చదివింపులు మొదలవ్వాలి మరి. మైకు మా పెద్దమావయ్య చేతికెళ్లింది. ఆయన కుర్రతనంలో పద్య నాటకాల్లో కృష్ణుడు. హార్మోనియం లేక ముప్పై ఏళ్లుగా గొంతు దాచుకున్న మనిషి.

"మేనత్తగారు... అయిదువందలా... పదహా...ర్లూ..."

ఆ 'హా' అలా సాగి సాగి రేకుకి తగిలి, తిరిగొచ్చి, ఆయన గొంతునే మళ్లీ కలిసింది. గిటార్లు రెండూ మూగబోయాయి, కీబోర్డు చచ్చిపోయింది. కరెంటు అక్కర్లేనిది డ్రమ్ములొక్కటే. సీనియరు కాసేపు చూసి, 'పదహార్లు' దగ్గర మెల్లగా ఒక దెబ్బ వేశాడు. మావయ్య ఓరగా చూశాడు. తర్వాతి పేరుకి రాగం ఇంకాస్త పొడిగించాడు. ఇటు దెబ్బలు నాలుగయ్యాయి. నూట పదహార్లకి తాళం ఒకసారి, వెయ్యి నూట పదహార్లకి జోడు పెడళ్లతో ఉరుము. బంతిలో ఉన్నవాళ్లు ఎంగిలి చేతులతో లేచొచ్చారు. ఇచ్చేసినవాళ్లు మళ్లీ జేబులు తడుముకున్నారు. ఒకాయన అయిదువందల పదహార్లు ఇచ్చి, ఉరుము వినపడలేదని ఇంకో ఆరువందలు కలిపి చదివించుకున్నాడు.

నేను నూట పదహార్లు ఇచ్చాను. నా పేరు దగ్గర సీనియరు తలెత్తి చూసి, నా వాటా మీద ఇంకో దెబ్బ ఎక్కువే వేశాడు.

మర్నాడు మాడుగుల హల్వా పొట్లాలిచ్చి బ్యాండుని సాగనంపుతుంటే, పెద్దనాన్న నన్ను పక్కకి పిలిచాడు. "ఒరే, ముందు పాడినవి బోధపడనేదు గానీ, ఆ పదహార్ల పాట ఉంది చూడూ, దాని సీడీ దొరుకుద్దేటి?"