హద్దు 5

2016. హైదరాబాదులో ఒక సాఫ్ట్‌వేర్ ఆఫీసు. బట్టల షాపులకు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ తయారవుతోంది. కోడ్ ఇంకా ఒక్క లైను కూడా రాయలేదు. తెర మీద క్లాస్ డయాగ్రమ్, అంటే ప్రోగ్రాములోని భాగాలను (క్లాసులను) చూపే బొమ్మ మాత్రం సిద్ధంగా ఉంది.

“బిల్లు క్లాసుకు కప్లింగ్ 7 వచ్చింది. మన హద్దు 5. ఎరుపులో ఉంటే కోడింగుకు పంపేది లేదు” అన్నాడు మేనేజరు.

ఒక క్లాసు ఇంకెన్ని క్లాసులతో ముడిపడి ఉందో చెప్పే లెక్కే కప్లింగ్. 1994లో చిదంబర్, కెమెరర్ ప్రచురించిన ఆరు కొలతల్లో ఇదొకటి. కోడ్ పుట్టకముందే బొమ్మ చూసి లెక్కపెట్టొచ్చు. కట్టిన గోడ కూల్చడం కన్నా ప్లానులో గీత చెరపడం చవక కాబట్టి, ఈ కొలత ఎంతో విలువైనది. అయితే అంకె పెరిగినప్పుడు ముందుగా అడగాల్సింది ఒక్కటే: ఈ ముడులు ఎందుకు వేశారని.

ఆ మాట ఎవరూ అడగలేదు. జూనియర్ డిజైనరే చెప్పింది: “సార్, పన్ను, డిస్కౌంటు, రౌండాఫ్ వేటికవి విడిగా పెట్టాను. జీఎస్టీ వస్తుందంటున్నారు కదా. వస్తే పన్ను క్లాసు మార్చుకుంటే సరిపోతుంది.”

“వచ్చినప్పుడు చూద్దాంలే అమ్మా. ముందు అంకె తగ్గించు.”

ఆమె ఆ మూడింటినీ బిల్లు క్లాసులోనే కలిపేసింది. కప్లింగ్ 4. తెర పచ్చబడింది. అందరూ చప్పట్లు కొట్టారు.

2017 జులై 1న జీఎస్టీ వచ్చింది. అప్పట్లో రెడీమేడ్ దుస్తుల ధర వెయ్యి రూపాయలు దాటకపోతే 5 శాతం, దాటితే 12. అదీ డిస్కౌంటు పోగా మిగిలిన ధర మీద. 1,100 రూపాయల చొక్కాకు పది శాతం తగ్గిస్తే 990 అయ్యేది, దాంతో పన్ను శాతమే మారిపోయేది. వచ్చిన పన్నులో సగం కేంద్రానిది, సగం రాష్ట్రానిది. ఒకే క్లాసులో పెనవేసుకుపోయిన లెక్కల్లో ఒకటి సరిచేస్తే ఇంకొకటి తప్పింది. షాపుల్లో చేత్తో బిల్లులు రాశారు. టీమంతా రాత్రిళ్లు ఆఫీసులోనే పడుకుంది. చివరకు పన్ను, డిస్కౌంటు, రౌండాఫ్ మళ్లీ విడదీశాకే బిల్లు సరిగ్గా వచ్చింది.

కప్లింగ్ మళ్లీ 7.

మరుసటి వారం క్వాలిటీ మీటింగు. మేనేజరు ఆ ఎర్ర అంకె చూపించి, “మన కష్టాలన్నిటికీ కారణం ఇదిగో, కళ్లెదుటే ఉంది” అన్నాడు.

ఆ సాయంత్రమే అందరికీ మెయిలొచ్చింది. ఇకపై హద్దు 5 కాదు, 3.