సర్పంచ్ భర్త పోస్టు మంజూరు చేయండి

ముప్పై ఏళ్లుగా ఈ దేశపు గ్రామపాలనను భుజాన మోస్తూ, ఇంతవరకూ ఏ జీవోలోనూ పేరుకు నోచుకోని వర్గం ఒకటుంది. వీరికి పంచాయతీ ఆఫీసులో కుర్చీ ఉంది, రాజ్యాంగంలో అధికరణం లేదు. ఫ్లెక్సీ మీద నిలువెత్తు బొమ్మ ఉంది, బ్యాలెట్ మీద గుర్తు లేదు. సర్పంచ్ భర్త అనే ఈ పదవిని ప్రభుత్వం ఇకనైనా క్రమబద్ధీకరించాలని నా మనవి. అక్రమ లేఅవుట్లనే అపరాధ రుసుము కట్టించుకుని సక్రమం చేసేసిన రాష్ట్రాలు మనవి, ఇదో లెక్కా?

1993 ఏప్రిల్ 24న అమల్లోకి వచ్చిన 73వ సవరణ పంచాయతీల్లో మూడో వంతు పదవులు మహిళలకు కేటాయించింది. 2011లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ దాన్ని సగం చేసింది. చట్టం రాసిన పెద్దలు అన్నీ ఆలోచించారు గానీ, సీటు భార్యకు వెళ్తే దాని వెనకాలే భర్త కూడా వెళ్లి కూర్చుంటాడన్నది వాళ్లకు తట్టలేదు.

రిజర్వేషన్ల జాబితా బయటికొచ్చే రోజు ఏ ఊరికైనా వెళ్లి చూడండి. ఐదేళ్లుగా పెళ్లిళ్లకు చదివింపులు, చావులకు దింపుడు కళ్లం దాకా నడకలు, వినాయక చవితికి చందాలు, ఇంత పెట్టుబడి పెట్టిన ఆశావహుడు రచ్చబండ దగ్గర సెల్‌ఫోన్ పట్టుకుని కూర్చుని ఉంటాడు. 'జనరల్ మహిళ' అని మెసేజ్ వస్తుంది. ఓ అరగంట ఆయన మొహం చూడలేం. అరగంట దాటాక ఇంటికెళ్లి బీరువాలో భార్య ఆధార్ కార్డు వెతకడం మొదలుపెడతాడు. "నువ్వేం చేయక్కర్లేదు, చెప్పిన చోట సంతకం పెట్టు, మిగతాది నేను చూసుకుంటా." ఇదీ ఆమె రాజకీయ ప్రవేశం. పెళ్లికాని ప్రసాదుల సంగతేమిటని మీకు అనుమానం రావచ్చు. 2023లో ఉత్తరప్రదేశ్‌లోని రాంపూర్ మున్సిపల్ పీఠం మహిళకు పోగానే అక్కడి నాయకుడొకరు ఆగమేఘాల మీద పెళ్లి చేసుకుని, కొత్త పెళ్లికూతురిని నిలబెట్టి గెలిపించుకున్నారు. ముహూర్తం పెట్టింది పురోహితుడు కాదు, ఎన్నికల సంఘం.

గెలిచాక పూలదండ ఆయన మెడలో, ఫైలు ఆయన చంకలో. ఆమె పేరు కూడా ఒంటరిగా బయటికి రాదు. భార్య పేరూ భర్త పేరూ కలిపి ఒకే ఊపిరిలో చదివేస్తారు, పత్రికల వాళ్లూ అలాగే అచ్చేస్తారు. మండల సర్వసభ్య సమావేశంలో ఎంపీడీవో గారు మాటవరసకి "సర్పంచమ్మ రాలేదా?" అంటారు. "ఒంట్లో బాగోలేదు సార్, నేనొచ్చా." మొదటి సమావేశం నుంచి చివరి సమావేశం దాకా, ఐదేళ్లూ ఆమెకు ఒంట్లో బాగోదు. ఎన్నికైన మహిళలకు మాత్రమే, అదీ మీటింగ్ రోజునే సోకే ఈ జబ్బు మీద వైద్యశాఖ పరిశోధన చేయించాలి.

ఎంపీడీవో గారిని తప్పుపట్టలేం. ఆయన దగ్గరున్న సర్పంచుల ఫోన్ నంబర్ల జాబితాలో ఆమె పేరుకు ఎదురుగా ఉన్నది ఈయన నంబరే. వాట్సాప్ గ్రూపులో ఉన్నదీ ఈయనే. పైగా ఈయనైతే టీ తాగడానికి వస్తాడు, బిల్లు విషయం గుసగుసగా మాట్లాడుకోవచ్చు. ఆడమనిషితో గుసగుసలాడితే బాగుండదు కదా!

సాంకేతికత వస్తే మధ్యవర్తులు మాయమవుతారని చెప్పారు. వచ్చింది. పంచాయతీ నిధులు ఇప్పుడు ఆన్‌లైన్‌లో, డిజిటల్ సంతకంతో కదులుతాయి. ఆ సంతకం వేలెడంత డాంగిల్‌లో ఉంటుంది. ఆ డాంగిల్ ఆయన జేబులో ఉంటుంది. కాగితాల రోజుల్లో సంతకం కోసమైనా ఇంటికెళ్లి ఆమెను పిలవాల్సి వచ్చేది, ఇప్పుడు ఆ శ్రమా తప్పింది. తెలంగాణలో 2018 చట్టం సర్పంచ్‌కూ ఉపసర్పంచ్‌కూ ఉమ్మడి చెక్ పవర్ ఇచ్చింది. ఊళ్లో అమలయ్యే ఉమ్మడి వేరు: సంతకం ఆమెది, డబ్బు సంగతి ఆయనదీ ఉపసర్పంచ్‌దీ.

నా మనవికి ముందు ఉదాహరణ లేదనుకోవద్దు. 2025 మార్చిలో ఛత్తీస్‌గఢ్ కబీర్‌ధామ్ జిల్లాలోని పరస్వారా పంచాయతీలో, గెలిచిన ఆరుగురు మహిళా వార్డు సభ్యుల బదులు వాళ్ల భర్తలు ఆరుగురూ దర్జాగా ప్రమాణం చేసేశారు. పంచాయతీ కార్యదర్శిని సస్పెండ్ చేశారు. పాపం, అంతటా చాటుమాటుగా జరిగేదాన్ని రికార్డులోకి ఎక్కించిన నిజాయితీపరుడు!

ప్రభుత్వం ఏమీ చేయలేదనడం అన్యాయం. సర్పంచ్ భర్తల పెత్తనం పోవాలని 2015లో పంచాయతీరాజ్ దినోత్సవం నాడు ప్రధానమంత్రే చెప్పారు. 2023లో ఈ విషయం సుప్రీంకోర్టుకు వెళ్తే, అది పంచాయతీరాజ్ శాఖ చూసుకోవాల్సిన పని అన్నారు. శాఖ కమిటీ వేసింది. కమిటీ 2025లో నివేదిక ఇచ్చింది. రుజువైతే గుణపాఠంగా నిలిచే శిక్ష వేయాలంది, అది బాగుంది. వర్చువల్ రియాలిటీ పరికరాలతో శిక్షణ ఇవ్వాలని కూడా అంది. సొంత ఫోను లేని సర్పంచమ్మ కళ్లకు ఆ యంత్రం తగిలించుకుని, తాను సభ నడుపుతున్నట్టు చూసుకోవచ్చు. అదే సమయానికి అసలు సభను ఆయన నడుపుతుంటాడు.

"ఆడవాళ్లకు పాలన ఏం తెలుసండీ" అన్నది ఈ వర్గం వాదన. పొదుపు సంఘంలో పదిమంది అప్పూ వాయిదా వడ్డీతో సహా నోటికి చెప్పే మనిషికి వీధిలైట్ల బిల్లు అర్థం కాదట. కర్నూలు జిల్లా ఓర్వకల్లు మండలం కాల్వ సర్పంచ్ ఫాతిమా బీ పేదరికంపై పోరుకు 1998లో ఐక్యరాజ్యసమితి అవార్డు అందుకున్నారు. ఆ పని ఆమె చేసిన పద్ధతి మన భర్తల సంఘానికి ఎందుకు పాఠ్యాంశం కాలేదో తెలీదు.

నా మనవి వర్తించని చోటు ఒకటుంది. ఎస్సీ మహిళకు, ఎస్టీ మహిళకు రిజర్వైన ఊళ్లు. అక్కడ చాలాచోట్ల భర్తకూ కుర్చీ లేదు. ఆ భర్త పొద్దున్నే వెళ్లి పనిచేసే పొలం ఎవరిదో, పంచాయతీ కూడా వాళ్లదే. నామినేషన్ డిపాజిట్ కట్టింది ఆ దొరవారే, తీర్మానం రాయించేదీ వారే. జెండా పండుగ నాడు ఆమె జెండా ఎగరేస్తుంది. తర్వాత కుర్చీల్లో పెద్దలు కూర్చుంటారు, ఆమె నిలబడుతుంది. అక్కడ 'సర్పంచ్ భర్త' అని జోకు వేయడానికి కూడా నోరు రాదు.

ఈ ఊరి భాగోతం చూసి నవ్వే హక్కు పై అంతస్తుల వారికి ఉందా అంటే, వాళ్ల లెక్క చూడాలి. చట్టసభల్లో మహిళలకు మూడో వంతు ఇచ్చే బిల్లు 1996లో మొదట పార్లమెంటుకు వచ్చింది. 2023 సెప్టెంబరులో లోక్‌సభలో 454 మంది ఔనన్నారు, ఇద్దరే కాదన్నారు. అంత ప్రేమ ఉన్నవాళ్లు చట్టంలోనే రాసుకున్నారు: జనగణన అయ్యాక, ఆపైన నియోజకవర్గాల పునర్విభజన అయ్యాకే అమలు. సరే, చట్టం అమలయ్యేలోగా టికెట్లు ఇవ్వొద్దని ఏ పార్టీకైనా ఎవరైనా చెప్పారా? 2024లో లోక్‌సభకు 543 మందిలో గెలిచిన మహిళలు 74. 2023 తెలంగాణ శాసనసభలో 119కి 10. కొత్త రాష్ట్రం మొదటి మంత్రివర్గం 2014 నుంచి 2018 దాకా ఒక్క మహిళా మంత్రీ లేకుండానే గడిచిపోయింది. సర్పంచ్ భర్త నయం, బోర్డు మీదైనా భార్య పేరు రాయించాడు.

కాబట్టి పోస్టు మంజూరు చేయండి. గౌరవ వేతనం, గుర్తింపు కార్డు, వేదిక మీద పక్క కుర్చీ అన్నీ ఇవ్వండి. ఒక్కటే షరతు: ఆడిట్‌లో తేడా వస్తే షోకాజ్ నోటీసు, రికవరీ, కేసు అన్నీ ఆయన పేరు మీదే రావాలి. ఇప్పుడవి ఆమె పేరు మీద వస్తున్నాయి. ఐదేళ్లు ఆమెను గడప దాటనివ్వని పెద్దమనిషి, జిల్లా పంచాయతీ అధికారి నోటీసు పట్టుకుని వచ్చిన రోజున మాత్రం అరుగు మీద నుంచి లేచి వినయంగా పక్కకు తప్పుకుంటాడు.

"నన్నెందుకు అడుగుతారు సార్? సర్పంచ్ ఆమె కదా!"