చేప వాసన రాని సైకాలజీ

తెలుగు పిల్లలకు ఊహ తెలిసినప్పటి నుంచీ మనిషి మనసు మీదే మమకారమని అమెరికా ప్రొఫెసర్లు ఈపాటికి నమ్మేసి ఉంటారు. ఏటా డిసెంబరు గడువు ముంచుకొచ్చేసరికి ఇక్కడి నుంచి సైకాలజీ పీహెచ్‌డీ దరఖాస్తులతో వెళ్లే స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్‌లు (ఎస్‌ఓపీలు) అన్నీ దాదాపు ఒకేలా మొదలవుతాయి. ఐదో ఏట అమ్మమ్మ కంట నీరు చూశాను, ఆ కన్నీటి వెనక ఏముందో తెలుసుకోవాలనిపించింది, ఆ క్షణమే నాలో పరిశోధకురాలు పుట్టింది. అమ్మమ్మ అప్పుడు ఉల్లిపాయలు తరుగుతోందని మాత్రం ఎవరూ రాయరు.

ఇలాంటివి రాసిపెట్టడానికి ప్రతి ఊళ్లోనూ ఒక ఎస్‌ఓపీ గురువుగారు వెలిశారు. ఆయన దగ్గరికి మన వైపు అమ్మాయి ఒకతె వెళ్లిందనుకుందాం. ఏలూరులో డిగ్రీ చేసింది. సెలవుల్లో కొల్లేటి లంక గ్రామాల్లో ఇంటింటి సర్వేకి తిరిగింది. తాడేపల్లిగూడెం దగ్గర వెంకట్రామన్నగూడెం ఉద్యాన విశ్వవిద్యాలయంలో ఏదో ప్రాజెక్టుకి రైతుల వివరాలు కంప్యూటర్‌కి ఎక్కించింది. ఆసుపత్రిలో కౌన్సెలర్ పక్కన కూర్చుని కేసు షీట్లు రాసింది. ఎమ్మేలో సెల్‌ఫోనుకీ నిద్రకీ ఉన్న సంబంధం మీద ప్రశ్నావళి నడిపింది.

గురువుగారు కళ్లజోడు సవరించుకున్నారు.

"చూడమ్మా, ముందు ఈ కొల్లేటి చేపల సర్వే తీసెయ్. నువ్వు చదవబోయేది సైకాలజీ, ఫిషరీస్ కాదు."

"ఆయ్, తీసేత్తానండి. మరి రైతుల లెక్కలండీ?"

"అదీ తీసెయ్. నిలకడ లేని పిల్ల అనుకుంటారు. కేసు షీట్లు ఉంచు. రాశానని కాదు, క్లినికల్ ఇంటర్వెన్షన్‌కి నాయకత్వం వహించానని రాయి."

"నేను కుర్చీలు కూడా వేశానండి."

"థెరప్యూటిక్ ఎన్విరాన్‌మెంట్ డిజైన్!"

సెల్‌ఫోను ప్రాజెక్టుకి జవాబులిచ్చిందల్లా హాస్టల్ మూడో అంతస్తు వాట్సాప్ గ్రూపు. గురువుగారి చేయి పడగానే అది 'దక్షిణ భారత యువత నిద్రా సరళిపై సమగ్ర అధ్యయనం' అయిపోయింది. సిఫార్సు లేఖలు మూడూ ఆయన కంప్యూటర్లోనే పుట్టాయి. ముగ్గురు మాస్టార్లకీ ఆ పిల్లలో అవే నాలుగు సుగుణాలు, అదే వరసలో కనిపించాయి. తాడేపల్లిగూడెం నిట్‌లో ఇంజినీరింగ్ చదివి మెదడు మీద పరిశోధన చేస్తానన్న కుర్రాడికీ గురువుగారిది ఇదే వైద్యం. మొత్తం మీద లోపలికి ఇద్దరు మనుషులు వెళ్తే బయటికి ఒకే మనిషి వస్తాడు.

బస్తా మూతి దగ్గర పెద్ద ఉల్లిపాయలు పేర్చే కిటుకు తాడేపల్లిగూడెం మార్కెట్ తెలిసినవాళ్లకి కొత్త కాదు. కొనేవాడికీ కొత్త కాదు, అందుకే బస్తా బోర్లిస్తాడు. ఇంటర్వ్యూలో ప్రొఫెసరు చేసేదీ అదే. "ఆ ఇంటర్వెన్షన్‌లో మీరు తీసుకున్న నిర్ణయం ఒకటి చెప్పండి" అంటాడు. కుర్చీలు ఎటు తిప్పి వేసిందో చెప్పాలి పాపం.

అసలు గురువుగారి వడపోతకి నిలబడే మహానుభావులెవరో చూద్దాం. 1876లో ఫ్రాయిడ్ అనే వైద్య విద్యార్థి ట్రియెస్టె రేవులో కూర్చుని నాలుగు వందల దాకా మలుగు చేపలు కోశాడు, మగ మలుగుకి వృషణాలు ఎక్కడున్నాయో కనిపెడదామని. తీసెయ్. 1865లో విలియం జేమ్స్, ప్రకృతి శాస్త్రవేత్త అగాసీ బృందంతో బ్రెజిల్ వెళ్లి అమెజాన్‌లో చేపలు పోగుచేశాడు. పాతికేళ్ల తర్వాత అమెరికా సైకాలజీకి మూలగ్రంథం అనదగ్గ పుస్తకం రాశాడనుకోండి, అయినా చేపలు చేపలే, తీసెయ్. పియాజె చిన్నతనంలో తెల్ల పిచ్చుక మీద ఒక పేజీ వ్యాసం అచ్చువేయించుకున్నాడు, 1918లో నత్తల మీద డాక్టరేట్ పుచ్చుకున్నాడు. పిల్లల ఆలోచనల మీద ప్రపంచానికి పాఠం చెప్పింది ఈ నత్తలాయనే. ప్రవర్తనావాది స్కిన్నర్ నవలాకారుడు కాబోయి, కాలేక, ఇటు వచ్చాడు.

మనవాళ్ల సంగతీ అంతే. 1967లో ఆంధ్రా యూనివర్సిటీలో పరామనోవిజ్ఞాన (పారాసైకాలజీ) విభాగం పెట్టిన కోనేరు రామకృష్ణారావు తత్వశాస్త్రం నుంచి వచ్చినవారు. ఆయన అమెరికా వెళ్లి పనిచేసిన డ్యూక్ యూనివర్సిటీ పారాసైకాలజీ లేబొరేటరీ పెద్ద జె.బి. రైన్ డాక్టరేట్ చేసింది వృక్షశాస్త్రంలో. చేపలు, నత్తలు, మొక్కలు, నవలలు అన్నీ తీసేస్తే సైకాలజీ చరిత్రలో మిగిలేది గురువుగారి ఫీజు రసీదు.

ఇంతకీ ఆయన కొట్టేసిన కొల్లేటి సర్వేలో ఏముంది? ఆ పిల్ల ఒక లంకలో పెద్దావిణ్ని "మామ్మగారూ, మీకు దిగులు ఒకటి నుంచి ఐదు దాకా ఎంతుంటుంది?" అని అడిగింది. "ఐదా? ఐదో కాంటూరా అమ్మా? మూడుకి తగ్గిస్తామని రాసిస్తే అప్పుడు చెబుతా" అందావిడ. 1999లో కొల్లేరు సరస్సుని ఐదో కాంటూరు (ఎత్తు గీత) దాకా అభయారణ్యమని ప్రకటించినప్పటి నుంచీ, 2006లో 'ఆపరేషన్ కొల్లేరు' అని చెరువు గట్లు తెగ్గొట్టినప్పటి నుంచీ ఆ ఊళ్లలో అంకె అంటే సర్కారు, కాగితం పట్టుకున్న మనిషి అంటే ఫారెస్టు వాళ్ల మనిషి. అడిగేవాళ్లని బట్టి జవాబు మారుతుంది. ప్రశ్నావళి మీద బతికే శాస్త్రానికి ఇంతకు మించిన పాఠం ఏ మెథడాలజీ పుస్తకం చెబుతుంది?

అడిగేవాళ్లని బట్టి జవాబు మారుతుందా అన్న ఆ ఒక్క అనుమానాన్ని దారంలా పట్టుకుంటే మిగతావన్నీ వచ్చి గుచ్చుకుంటాయి. రైతు చెప్పిన దిగుబడికీ కాగితం మీది దిగుబడికీ తేడా ఎందుకు? కౌన్సెలర్‌కి చెప్పిన కథ భర్త పక్కన కూర్చోగానే ఎందుకు మారింది? హాస్టల్ స్నేహితురాళ్లు తనకి నిజం చెప్పారా, మొహమాటానికి చెప్పారా? నాలుగు చోట్ల తిరిగిన పిల్లకి నిలకడ లేదనడం అన్యాయం. నాలుగు చోట్లా ఒకటే ప్రశ్న అడుగుతోందన్నమాట. గురువుగారు ఆ ప్రశ్ననే కొట్టేశారు.

ఇక ఫిషరీస్ వేరు, సైకాలజీ వేరు అన్న మాటకొస్తే, 2020 డిసెంబరులో ఏలూరులో వందల మంది ఉన్నట్టుండి మూర్ఛపోయి ఆసుపత్రి పాలైనప్పుడు ఎవరొచ్చారో గుర్తుందా? ఢిల్లీ ఎయిమ్స్ వైద్యులు, హైదరాబాద్ నుంచి జాతీయ పోషకాహార సంస్థ వాళ్లు, సీసీఎంబీ వాళ్లు, రసాయన శాస్త్రజ్ఞులు. రక్తం, నీళ్లు, పాలు, కూరగాయలు అన్నీ పట్టుకెళ్లారు. సీసం, నికెల్ అన్నారు, పురుగుమందులన్నారు. కుళాయి నీళ్లు తాగడానికి జనం భయపడిన ఆ రోజుల్లో మనసు సంగతి చూసే మనిషి కూడా ఆ బృందాల పక్కనే కూర్చోవాలి. రక్తపరీక్ష అంటే ఏమిటో, కూరగాయ ఎలా పండుతుందో తెలియని సైకాలజిస్టు అక్కడ ఏం మాట్లాడతాడు?

కాబట్టి దరఖాస్తు పెట్టే పిల్లలకి ఒక మాట. చేసింది చేసినంతే రాయండి. సర్వేకి తిరిగితే తిరిగామని, డేటా ఎక్కిస్తే ఎక్కించామని చెప్పండి. ఆ పనిలో మీకు వచ్చిన అనుమానం ఏమిటో, అది తీరాలంటే ఫలానా ప్రొఫెసరు దగ్గరే ఎందుకు చదవాలో రెండు పేరాల్లో చెప్పండి. పరిశోధనకి సంబంధం లేని పనిని ఒక్క లైనుతో సరిపెట్టండి, సాగదీయకండి. అమ్మమ్మని వదిలేయండి. ఇదంతా మీరే రాసుకోగలరు. గురువుగారికి ఇవ్వబోయే డబ్బు అప్లికేషన్ ఫీజుకి పనికొస్తుంది.