చాంబరు సూత్రమునకు టీకాతాత్పర్యము

మూలము: “సార్, ఆయిల్ల మెరుపుపొట్టు వచ్చింది. అయస్కాంతానికి అంటుతలేదు. ఇగ బేరింగే.”

అవతారిక: కరీంనగరమున నొక షెడ్డులో మా కారుక్రింద వెల్లకిల పరుండి, చాంబరు (ఇంజను అడుగున చమురు నిలుచు తొట్టి) బోల్టు విప్పి, కారిన నల్లని చమురును తట్టలో పట్టి, అందు వేలు ముంచి, ఎండకు త్రిప్పి చూచి ఉస్తాదు ఉపదేశించిన సూత్రమిది. సూత్రము చిన్నదైనను బిల్లు పెద్దదగుటచే వ్యాఖ్యాన మవసరమయ్యెను. మూలము లేనిదేదియు వ్రాయనని ప్రతినపూనిన కోలాచల మల్లినాథసూరి మెదకుసీమవాడు, మాకు పొరుగువాడే; పొట్టునకు మూలము వెదకుటలో ఆయన బాటయే మాకు శరణ్యము.

టీక: సార్ = బిల్లు కట్టబోవు ఓ మహానుభావా (డ్రైవరైనచో ‘అన్నా’ యని యుండును); ఆయిల్ల = ఇంజను చమురునందు (‘అందు’నకు మా సీమలో ‘ల’ చెల్లును); మెరుపుపొట్టు = వడ్లపొట్టువలె పలుచనై వెండివలె మెరయు లోహపు రేకులు; ఇగ = అవధారణము, మరి వాదింప పనిలేదని భావము; బేరింగే = ఇంజను క్రాంకును మోయు బేరింగు చిప్పలే అరిగినవని.

పాఠాంతరము: ప్రక్కన గ్రైండరు మ్రోగుచుండగా మా బావమరిది ‘ఇగ రింగే’ యని వినెనట. ఇది అగ్రాహ్యము. పిస్టను రింగులు పోతయినుముతోనో ఉక్కుతోనో చేయబడునవి గాన అయస్కాంతమును చూచి ఊరకుండజాలవు. పాత స్పీకరునుండి ఊడదీసిన అయస్కాంతమును ఉస్తాదు తట్టలో ముమ్మారు త్రిప్పగా కాటుకవంటి జిగురు కొంచెమంటినదే కాని రేకులంటలేదు. ఆ జిగురు ఆరోగ్యవంతమైన ఇంజనులోను ఉండును. (కోనసముద్రపు ఉక్కునకు, నిర్మల్ కత్తులకు పేరుబడిన ఈ చుట్టుపట్ల ఇనుమేదో కానిదేదో తెలియుటకు స్పీకరు ముక్క నాశ్రయింపవలసి వచ్చుట మా తరపు దౌర్భాగ్యము.)

అయస్కాంతమున కంటని అల్యూమినియపు పొట్టు పిస్టనునుండియు రావచ్చునుగదా యందురేని, తెల్లగుడ్డపై వడగట్టి చూడగా రేకులలో కొన్ని రాగిరంగున నుండెను. పిస్టనులో రాగిపొర యుండదు. బేరింగు చిప్పలలో పైపూత అరిగినపిదప బయటపడునది అదియే.

ప్రక్షిప్తము: ఆయిల్ ఫిల్టరు డబ్బాను శిష్యుడు రంపపు బ్లేడుతో కోసి, లోని మడతల కాగితమును విప్పి, అయస్కాంతమునకు గుత్తులుగా అంటుచున్న ఇనుపరజను చూపి, రింగుపాఠమును సమర్థింపబోయెను. ఉస్తాదు వానిని “నీ రంపంపొట్టేరా అది!” యని గద్దించెను. గ్రంథమున లేనిది లేఖకుని చేతినుండి రాలిపడుటను పండితులు ప్రక్షిప్తమందురు. షెడ్డులో దానికి పేరులేకున్నను తిట్లున్నవి.

తాత్పర్యము: క్రాంకు బేరింగును తాకి తిరుగునని లోకులనుకొందురు గాని, నడిచినంతసేపు అది ఒత్తిడితో వచ్చు పలుచని చమురుపొరపై తేలుచుండును, ఒత్తిడి పడిపోయి ఆ పొర తెగినచో లోహము లోహమును నాకి పొట్టు రాల్చును. ఒత్తిడి పడిపోయినదని చెప్పుటకే డ్రైవరు ముందర ఆయిలుడబ్బా ఆకారమున నొక ఎర్రదీపముండును. నిర్మల్ దాటి మహబూబ్ ఘాటు ఎక్కునపుడు అది వెలిగెను. కంటికి గ్రుచ్చుచున్నదని దానిపై చేతిరుమాలు కప్పి, బండిని ఆదిలాబాదు వరకు నడిపినవాడను నేనే. చదువరులు ఈ చివరి వాక్యమును మా బావమరిదికి చదివి వినిపింపవలదని ప్రార్థన.